పాలు ఆపి చేసే స్కానింగ్

పసిబిడ్డ కళ్లు పచ్చబడితే మా కదిరి వైపు ముందు గుర్తొచ్చేది పసరు మందే. పుట్టిన మొదటి వారంలో వచ్చే పచ్చదనం చాలామందికి దానంతటదే పోతుంది. పేరు మాత్రం పసరుకి! రెండు వారాలు దాటినా తగ్గక, మలం సున్నంలా పాలిపోతే సంగతి వేరు.

మా అక్క కూతురికి అలాగే అయింది. నెలన్నర పిల్లకు 4 గంటలు పాలు ఆపి స్కానింగ్ చేశారు. దాని ఏడుపు వినలేక అవ్వ బయటికెళ్లిపోయింది. పాలు తాగితే పిత్తాశయం ముడుచుకుంటుందట. ఖాళీ కడుపుతోనూ అది కనిపించకపోతే పైత్యరస నాళాలు మూసుకుపోయాయేమోనని అనుమానించాలి. తేల్చడానికి వేరే పరీక్షలూ కావాలి.

జపాన్ సర్జన్ మోరియో కసాయ్ 1950ల్లో మొదలుపెట్టిన ఆపరేషన్‌లో పేగును నేరుగా కాలేయానికి కలుపుతారు. 60 రోజుల్లోపు చేస్తే ఫలితం మెరుగు. ఆలస్యమయ్యేకొద్దీ కాలేయ మార్పిడి దాకా పోయే ప్రమాదం ఎక్కువ.

మా పిల్లకు పిత్తాశయం కనిపించలేదు. అప్పటికి 46వ రోజు. ఆ రాత్రే బెంగళూరు బస్సెక్కాం.