హైదరాబాదులో నేను... తణుకులో లెక్కలు!

అమ్మాయి పురిటికి సాయం వెళ్ళిన తల్లికి కంప్యూటర్‌తో పనేమిటని నవ్వుకుంటున్నారు కదూ? నవ్వండి గానీ, ముందు నా గొడవ వినండి.

మాది తణుకు. ఇంటి ముందు గదిలోనే పచ్చళ్ళ కొట్టు పెట్టి పదకొండేళ్ళయింది. ఆర్డర్లు, జమాఖర్చులు అన్నీ కంప్యూటర్‌లో ట్యాలీలో రాసేది నేనే. 2024 మే నెలలో, సరిగ్గా ఆవకాయ ముక్కలు కొట్టించే రోజుల్లో అమ్మాయికి నెలలు నిండాయి. ప్రయాణం వద్దన్నారు డాక్టరుగారు. ఇక నేనే హైదరాబాదు బయల్దేరక తప్పలేదు. కొట్టు మావారికీ, మా దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న పద్మకీ అప్పజెప్పాను.

వెళ్ళేముందు కంప్యూటర్ రిపేరు కుర్రాడిని పిలిచి, "ఎక్కడున్నా మా కంప్యూటర్ నాకు కనబడాలి బాబూ" అన్నాను. అతను రౌటర్లో ఏదో మార్చి, అమ్మాయి ఇచ్చి వెళ్ళిన లాప్‌టాప్‌లో మా హాల్లోనే కూర్చుని చూపించాడు. చక్కగా వచ్చింది. ఆరువందలు తీసుకుని వెళ్ళిపోయాడు. హైదరాబాదు వెళ్ళి తెరిస్తే, ఒట్టిది! చక్రం తిరుగుతుందే తప్ప కొట్టు కనబడదు. ఇంట్లో అదే వైఫై మీద ఉండి చూస్తే పని చేసినట్టే ఉంటుందట. పరీక్ష చేయాలంటే ఫోన్ డేటా మీద పెట్టుకుని చూడాలట. ఈ ముక్క నాకు ముందే తెలిస్తే ఆరువందలు మిగిలేవి.

పదోరోజున మావారు ఫోన్ చేశారు. పెట్టెలో డబ్బు కంప్యూటర్ చెప్పినదానికంటే 6,400 తక్కువుందిట. "పద్మ తప్ప ఇంకెవరు తీస్తారు? రేపట్నుంచి రావద్దని చెప్పేస్తాను" అన్నారు. ఆయన వరసే అంత, ఆవేశం ముందు, ఆలోచన తర్వాత. నాకు మటుకు గుండె గుభేలుమంది. ఆరేళ్ళలో ఒక్క రూపాయి తేడా రాని పిల్ల! ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటోంది. కానీ కాదని దేన్ని చూపించి చెప్పను? వీడియో కాల్‌లో తెర చూపించమంటే అక్షరాలు చీమల బారులా కనిపించాయి. పైగా ఏ పద్దు చూడాలో తెలిస్తే కదా చూపించమనడానికి! పదిరోజుల పద్దులూ నేనే తిప్పి చూడాలి. "రెండు రోజులు ఆగండి" అని బతిమాలి, మా అక్క కొడుకుని పిలిచాను. వాడు ఊళ్ళోనే కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు.

వాడు చెప్పిన సంగతి మీకు నా మాటల్లో చెబుతాను. ఇంటర్నెట్టులో ప్రతి కంప్యూటర్‌కీ 65,535 వరకూ నంబర్లున్న తలుపులుంటాయి. వాటినే పోర్టులంటారు. వెబ్‌సైట్లకి 80, 443, ఉత్తరాలకి 25, ఇలా కంప్యూటర్‌ని దూరం నుంచి చూసే తలుపు 3389. నెట్టు ఇచ్చే కంపెనీలు కొన్ని, బయటి నుంచి లోపలికి వచ్చే ఇలాంటి తలుపుల్ని మూసేస్తాయి. నేను మా కంపెనీకి ఫోన్ చేస్తే, "అది మా పాలసీ మేడమ్" అని పాట పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. మా అక్క కొడుకు మాత్రం నవ్వి, "కొంత మేలే పిన్నీ" అన్నాడు. 2017 మే నెలలో వానాక్రై అనే పురుగు 445 నంబరు తలుపులోంచే దూరి దస్త్రాలకి తాళాలేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకే అంటుకుంది, ఇక పచ్చళ్ళ కొట్టెంత!

"మరి వేరే నంబరు తలుపు తీద్దామా?" అన్నాను తెలివిగా. అదీ కుదరలేదు. ఎందుకంటారా? పాతరకం చిరునామాలు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే ఉన్నాయి. మన ఆసియా వాటా 2011లోనే దాదాపు ఖాళీ అయింది. అందుకని కంపెనీవాళ్ళు ఒకే చిరునామా వెనక చాలా ఇళ్ళని కలిపేస్తున్నారు. అపార్ట్‌మెంటుకి ఒకటే గేటు, వాచ్‌మన్‌కి మన ఫ్లాటు నంబరు తెలియదు, వచ్చినవాళ్ళని తిప్పి పంపేస్తాడు. మీది అలాంటిదేనా అని తెలుసుకోవాలంటే రౌటర్ పేజీలో చూడండి. చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే అదే సంగతి. మాది అదే! నెలనెలా అదనంగా కడితే సొంత చిరునామా ఇస్తామన్నారు. కడదామనుకున్నాను కూడా. "3389 తలుపు ఊరందరికీ తీసిపెడతావా? దొంగలు పగలూ రాత్రీ తాళాలు ప్రయత్నిస్తూనే ఉంటారు" అని ఆపాడు వాడు.

అయితే ఆ వాచ్‌మన్ బయటికి వెళ్ళేవాళ్ళని ఆపడు కదండీ! కిటుకంతా అక్కడే ఉంది. మన కంప్యూటరే బయటికి వెళ్ళి ఒక చోట పేరు రాయించుకుని కూర్చుంటుంది, నా లాప్‌టాప్ కూడా అక్కడికే వెళ్ళి కలుసుకుంటుంది. ఇద్దరి మధ్యా రహస్య సొరంగం. టెయిల్‌స్కేల్ అనేది అలాంటిదే. దొంగదారేమో అని భయపడ్డాను గానీ, బయటికి వెళ్ళడానికేగా నెట్టుకి డబ్బు కడుతున్నది! వ్యాపారానికి వాడేవాళ్ళు దాని ధరా, మీ నెట్టు ప్లాను షరతులూ ఒకసారి చదువుకోండి. ఎనీడెస్క్ లాంటివీ ఇలాగే బయటికి వెళ్ళి కలిసేవే. అయితే బ్యాంకు నుంచి ఫోనంటూ అది ఎక్కించుకోమనే మోసగాళ్ళున్నారు. 2019లో రిజర్వు బ్యాంకే బ్యాంకుల్ని హెచ్చరించింది. ఎవరో ఫోన్‌లో చెప్పారని ఏదీ ఎక్కించకండి.

ఇంతకీ తణుకులో దాన్ని ఎక్కించేదెవరు? మావారు మౌస్ పట్టుకుంటే పచ్చడిబద్ద పట్టుకున్నట్టే ఉంటుంది. చివరికి పద్మే కూర్చుంది. మా అక్క కొడుకు ఫోన్‌లో చెబుతుంటే ఒక్కొక్కటే నొక్కింది. ఇరవై నిమిషాలు. దేనికని ఒక్క మాట అడగలేదు. తన మీద అనుమానం ఉన్నట్టు తనకి తెలుసనే ఇప్పటికీ అనుకుంటాను.

మరో రెండు చిట్కాలు ఇక్కడే చెప్పేస్తాను. కంప్యూటర్ నిద్రపోకుండా సెట్టింగు మార్చాలి. ఎండాకాలం కరెంటు సంగతి మీకు తెలిసిందే, పోయి వచ్చాక తనంతట తనే ఆన్ అయ్యే ఏర్పాటు ఉంటే పెట్టించాలి. టెయిల్‌స్కేల్‌లో 'రన్ అనటెండెడ్' అనేది పెట్టకపోతే, ఎవరో ఒకరు లాగిన్ అయ్యేదాకా సొరంగం తెరుచుకోదు. మామూలుగా 180 రోజులకోసారి మళ్ళీ లాగిన్ అడుగుతుంది, అదీ గుర్తుంచుకోండి. ఇక విండోస్ హోమ్ అయితే రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి రానివ్వదు, ప్రో ఉండాలి. మా అదృష్టం, ప్రోనే ఉంది.

ఆ రాత్రి పసివాడు పడుకున్నాక, వంటగది గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని తెరిచాను. మా కొట్టు తెర కనబడగానే నిజంగా చెయ్యి వణికింది. ఒక్కో పద్దూ వెనక్కి తిప్పుతూ వెళ్ళాను. నేను బయల్దేరిన రోజు దగ్గర ఆగిపోయాను. సీసాలతనికి 6,400. ఆటో గుమ్మంలో ఉండగా పెట్టెలోంచి తీసి చేతికిచ్చాను. కంప్యూటర్‌లో మాత్రం బ్యాంకు నుంచి ఇచ్చినట్టు రాశాను! ఎవరో కాదండీ, నేనే.

రాత్రి పదకొండున్నరకి మావారిని లేపి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పొద్దున్న పద్మతో ఏమనను?" అన్నారు.

"మీరేమీ అనకండి, నేను మాట్లాడతాను" అన్నాను. తెల్లారి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "సరేనమ్మగారూ... బాబు ఎవరి పోలిక?" అంది.