నవ్వినవాళ్ళకు చెవులు లేవా? (ఆఫీసు ముచ్చట్లు – 6)

"మీకేంటి బాస్, గవర్నమెంటు అల్లుళ్ళు!"

ప్రమోషన్ లిస్టు వచ్చిన రోజు క్యాంటీన్‌లో ఒకాయన నన్నన్న మాట ఇది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "అర్థం కాలేదు సార్, అల్లుళ్ళంటే ఏంటో కాస్త విడమర్చి చెప్పండి" అన్నాను. నవ్వు ఆగింది. "సరదాకి అన్నాలేవయ్యా" అన్నాడు.

లక్షలు పోసి మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొన్నవాణ్ణి ఎవరూ సరదాకైనా అల్లుడనరు.

1989 అట్రాసిటీ చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలను కావాలని అవమానించడం నేరం. కానీ అది నలుగురి కంటపడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అంటే ఆ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మన కేసు నిలబడాలంటే విన్నవాళ్ళు నోరు విప్పాలి. నవ్వేవాళ్ళుంటేనే జోకు పండుతుంది. సాక్ష్యం అడిగితే మాత్రం వాళ్ళే "మేం వినలేదు" అంటారు.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అదే రోజు రాసిపెట్టుకోండి. తేదీ, టైము, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరెవరున్నారో. వాట్సాప్ గ్రూపులో అంటే స్క్రీన్‌షాట్ తీయండి. ఫిర్యాదు కాగితం మీదే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

పక్కనుండే మిత్రులారా, నవ్వకుండా ఊరుకుంటే సరిపోదు. "ఏంటా మాట?" అని మీరూ అడగండి. ప్రతిసారీ మేమే అడగాలా?

జై భీమ్.