కమాన్ కట్టల కింద

ఆస్తి పంపకాల్లో అన్నయ్యకి పొలం వచ్చింది. నాకు నాన్న నడిపిన 1972 నాటి అంబాసిడర్ మిగిలింది. "ఆ డొక్కు కారు నీకెందుకే" అంటూనే తాళాలు నా చేతిలో పెట్టాడు.

గుంతలో దిగినప్పుడల్లా దాని వెనకనుంచి కిర్రుమని మూలుగు. గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్ నాతో మాట్లాడలేదు. కారు తోలడమే రాని నా సహచరుడితో "కమాన్ కట్టలు సార్, ఆయిల్ కొడతాం" అన్నాడు. పాత ఇంజనాయిలు పైపైన పూసి పంపించాడు. వారం తిరక్కుండానే ఆ నూనెకి దుమ్ము పట్టి మళ్ళీ అదే మూలుగు.

నాన్న పెట్టెలో దొరికిన మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను. కమాన్ కట్ట అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. అన్నిటికన్నా పొడుగుదానికి రెండు చివర్లా చెవులుంటాయి, తక్కినవి పొట్టివవుతూ పోతాయి. బండి గుంతలో దిగినప్పుడు పట్టీలు వంగుతూ ఒకదానిమీద ఒకటి జారతాయి. మధ్యలో తుప్పూ ఇసకా చేరితే జారలేక అరుస్తాయి. కుదుపంతా వెనక కూర్చున్నవాళ్ళ నడుముకి తగులుతుంది.

ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాలి. ఇరుసు దగ్గర కాకుండా బాడీ కింద గట్టి చోట జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలపాలి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందకి దూరకూడదు. ఇరుసు బరువుకి కట్ట కిందికి వేలాడి, పట్టీల చివర్లు కాస్త విడతాయి. తీగ బ్రష్‌తో తుప్పు గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చటి రేకుతో ఆ సందుల్లోకి గ్రాఫైట్ గ్రీజు ఎక్కించాలి. చెవుల్లో ఉండే రబ్బరు బుష్‌లకి మాత్రం నూనె తగలనివ్వకూడదు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

అమ్మ అరుగుమీద కూర్చుని ఇదంతా చూస్తూ, "కుట్టు మిషనుకి నూనె వేసినట్టే కదే. ముందు దుమ్ము తియ్యకపోతే నూనె దండగ" అంది. ఉక్కు, నూనె, రాపిడి అమ్మకి తెలియనివి కావు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ తెలివికి ఇంటిపని అని పేరు. షెడ్డులోకి వెళ్ళగానే అది సాంకేతిక జ్ఞానం. డొరొతీ లెవిట్ అనే ఇంగ్లండు మోటారు రేసర్ స్త్రీల కోసం కారు గురించిన పుస్తకం 1909లోనే రాసింది. మా అమ్మకి మాత్రం ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా బానెట్ ఎత్తి చూపించినవాళ్ళు లేరు.

ఇక్కడ నా వెసులుబాటునీ గుర్తుచేసుకోవాలి. నేను ఇష్టపడి ఓ ఆదివారం కారు కింద పడుకున్నాను. ఆ మెకానిక్‌కి అది రోజువారీ బతుకు. అతను నాతో మాట్లాడకపోవడం అతనొక్కడు కనిపెట్టిన అలవాటు కాదు.

మరో సంగతి కూడా తెలిసింది. పట్టీల మధ్య రాపిడి పూర్తిగా పోనక్కర్లేదు. బండి ఊగిసలాటని అణచడంలో దానికీ కొంత పాత్ర ఉంది. అంటే గ్రీజు పని నోరు మూయించడం కాదు, కదలికకి చోటివ్వడం. పైపూత వెయ్యడమంటే ఫిర్యాదుని ఆపి, కారణాన్ని అలాగే ఉంచడం. ఇళ్ళల్లోనూ ఆఫీసుల్లోనూ ఆడవాళ్ళ ఫిర్యాదులకి జరిగే వైద్యం చాలాసార్లు ఇదే కదా!

ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్నవాటిని ఉన్నవాళ్ళే చూసుకోవాలి. పని పూర్తయ్యాక అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బందరు రోడ్డుమీద తిప్పాను. ముప్ఫయ్యేళ్ళు ఆ సీట్లోనే కూర్చున్న మనిషి. నాలుగు గుంతలు దాటాక, "ఎడమవైపు బాగుంది. కుడివైపు ఇంకోసారి చూడు" అంది.

జాకీ ఇంకా డిక్కీలోనే ఉంది.