చేపల తొట్టికీ తోడు కావాలి!

మా అమ్మాయి హాస్టల్‌కి వెళుతూ తన నాలుగు గోల్డ్ ఫిష్‌లనూ నాకు అప్పగించింది. రెండు నెలలకే వాటి తోకలు చీలికలై కుళ్ళసాగాయి. షాపతనిచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వేస్తే తగ్గింది. హమ్మయ్య అనుకుని, మందు పోవాలని నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళూ, ఫిల్టర్ స్పాంజీ కుళాయి కింద తోమేశాను. మనకి శుభ్రం పిచ్చి కదండీ!

మూడోనాటికి నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మర్నాడు పొద్దున ఒకటి చచ్చి తేలింది. అమ్మాయికి ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు.

మా ఆడపడుచు వచ్చి తల పట్టుకుంది. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా విషమట. స్పాంజిలోనూ, రాళ్ళమీదా పెరిగే మంచి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుందట. కొంత మందుకి చస్తే, మిగిలింది కుళాయి నీళ్ళ క్లోరిన్‌తో నేనే చంపాను!

"తోడు లేకుండా పాలు పెరుగవుతాయా వదినా?" అంటూ, జబ్బులేని వాళ్ళ తొట్టిలోంచి స్పాంజి ముక్క తడారకుండా తెచ్చి మా ఫిల్టర్లో పెట్టింది. రోజూ నాలుగోవంతు నీళ్ళు తీసి, ముందురోజు బకెట్లో పట్టి ఉంచినవి పోశాను. మేత రోజు విడిచి రోజు, చిటికెడే. కుదుటపడటానికి ఐదు వారాలు పట్టింది.

మీరు మాత్రం నాలా అన్నీ కడిగేయకండి. మందు పోవడానికి కొద్దికొద్దిగా నీళ్ళు మార్చి, ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంచితే చాలు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

దసరా సెలవులకి అమ్మాయి వచ్చింది. మూడింటినీ లెక్కపెట్టుకుంది, ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు మేత డబ్బా మళ్ళీ నా చేతికే ఇచ్చింది.