గోదావరిఖనిలో రాతి సాక్ష్యం

ఫజ్ర్ నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగేసరికి గోదావరిఖని అప్పటికే మేల్కొని ఉంది. మొదటి షిఫ్టు కార్మికులు టిఫిను డబ్బాలతో నిలబడి ఉన్నారు. దూరాన రామగుండం విద్యుత్కేంద్రం పొగగొట్టాలు మసకగా కనిపిస్తున్నాయి. నన్ను ఈ ఊరికి పిలిపించినవాడు ఒకప్పటి నా విద్యార్థి.

అతని తండ్రి భూగర్భ గనిలో, ఇక్కడివారి మాటలో ‘బాయి’లో, పనిచేసినవాడు. 20 ఏళ్ల కిందట ఆ పిల్లవాడు ఒక రాతి ముక్కను తరగతికి తెచ్చి, “హజ్రత్, ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోగలమా?” అని అడిగాడు. “చూసినవాడెవ్వడూ లేని సంగతి మనకెందుకు? పాఠం చదువు” అన్నాను. అతడు మారు మాటాడక రాయిని జేబులో వేసుకున్నాడు. మదర్సా చదువు తరువాత కళాశాలలో భూగర్భశాస్త్రం చదివి, ఇప్పుడు గనిలోనే ఉద్యోగం చేస్తున్నాడు.

అనుమతి తీసుకొని అతడు నన్ను ఓపెన్‌కాస్ట్ గని అంచుకు తీసుకువెళ్ళాడు. కాళ్ళ ముందు మెట్లు మెట్లుగా దిగిపోయే పెద్ద గొయ్యి. దాని గోడలలో తెల్లని ఇసుకరాతి పొరలు, వాటి నడుమ నల్లని బొగ్గు పొరలు. ప్రాణహిత-గోదావరి లోయ వెంబడి సుమారు 350 కిలోమీటర్ల మేర సింగరేణి బొగ్గు పరచుకొని ఉంది. ఇది పెర్మియన్ యుగపు బొగ్గు. ఆ యుగం సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మొదలై 25 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. అప్పుడు మన దేశమూ, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఒకే భూఖండంగా కలిసి ఉండేవి. మధ్యభారతంలోని గోండుల సీమ పేరు మీదనే దానిని గోండ్వానా అన్నారు.

“ఇసుకరాతిలోని ప్రతి రేణువూ ఎక్కడో ఒక కొండనుంచి అరిగి, ఏటిలో కొట్టుకువచ్చినదే హజ్రత్” అన్నాడు అతడు. “రాయిని పొడిచేసి ఎక్స్‌రే పరికరంలో పరీక్షిస్తే ఏ మూలకం ఎంత ఉన్నదో తెలుస్తుంది. దానినిబట్టి కొండను వెతుకుతాము.”

అతడు వివరిస్తూ ఉంటే నాకు హదీసు పాఠమే గుర్తుకు వచ్చింది. ఒక మాట మన దాకా వచ్చినప్పుడు హదీసువేత్తలు దానిని చేరవేసిన ఉల్లేఖకులను పరిశీలిస్తారు. ఎవరి జ్ఞాపకశక్తి గట్టిది, ఎవరిది బలహీనమైనది అని చూస్తారు. రాతిలోనూ అంతే. సోడియం, కాల్షియం నీటికి సులభంగా కరిగిపోతాయి. పుట్టిన కొండ గురించి వాటి సాక్ష్యం బలహీనం. అయితే అవి ఎంత పోయాయో లెక్కిస్తే ఆనాటి వాతావరణం ఊహకు అందుతుంది. 1982లో నెస్బిట్, యంగ్ అందుకొక సూచికను రూపొందించారు. చెక్కుచెదరని గ్రానైటుకు అది 50 దగ్గర, పూర్తిగా బంకమట్టిగా మారినదానికి 100 దగ్గర ఉంటుంది. థోరియం, స్కాండియం మాత్రం నీటికి అంతగా లొంగవు. గ్రానైటులో థోరియం ఎక్కువ, బసాల్టు వంటి నల్లరాతిలో స్కాండియం ఎక్కువ. కనుక ఆ రెండింటి నిష్పత్తి రాతి పుట్టింటి పేరు చెబుతుంది.

ఆ కొండ ఎలాంటి నేలమీద ఉండేదన్నది తరువాతి ప్రశ్న. సముద్రంలోని అగ్నిపర్వత దీవులలోనా, భూఫలకాలు ఢీకొనే ఖండపు అంచునా, నిశ్చలమైన ఖండపు నేలమీదనా? 1983లో భాటియా, 1986లో రోజర్, కోర్ష్ రసాయన కొలతలనుబట్టి వీటిని వేరుపరిచే పటాలు గీశారు. సిలికా హెచ్చుగా, సోడియంకంటే పొటాషియం బాగా హెచ్చుగా ఉన్న ఇసుకరాయి నిశ్చలమైన నేల గదిలో పడుతుంది.

“అయితే ఒక్క పటంతో తేలిపోతుందా?” అని అడిగాను.

“లేదు హజ్రత్. 2005లో ఆర్మ్‌స్ట్రాంగ్-ఆల్ట్రిన్, వర్మ అనే పరిశోధకులు పుట్టుక ముందే తెలిసిన అవక్షేపాలతో ఈ పటాలను పరీక్షిస్తే ఎన్నో తప్పు గదుల్లో పడ్డాయి. రాయి తన కొండ గుణాన్ని మోసుకొస్తుంది. తాను పేరుకున్న చోటు గుణం అదే కానక్కరలేదు. పైగా ఖండపు నిశ్చలమైన అంచునూ, ఖండం నడుమ కుంగిన లోయనూ రోజర్, కోర్ష్ ఒకే గదిలో పెట్టారు. మన గోదావరి లోయ రెండో రకం.”

ధార్వాడ, బస్తరు అనే రెండు పురాతన భూభాగాల నడుమ నేల చీలి కుంగడంవల్ల ఈ లోయ ఏర్పడింది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే పగుళ్లు, నేల కుంగుతూ ఉంటేనే పేరుకోగల మందమైన పొరలు దానికి ఆధారాలు. ఇసుకరాతిలో కరగక మిగిలిన ఫెల్స్పార్ రేణువులు, వాటి మూలమైన గ్రానైటు కొండలు ఎంతో దూరాన లేవని తెలుపుతాయి. ఒంటరి ఉల్లేఖనానికి తోడు సాక్ష్యాలు వెతికే మా పద్ధతికి ఇది ఎంత దగ్గర!

ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పలుకులను నేనూ చెవులారా విన్నవాణ్ణి కాను. చేరవేసినవారిని పరీక్షించిన పెద్దల శ్రమను నమ్మి బోధిస్తున్నాను. ఆ పరీక్షే రాతికి కూడా ఉన్నదా అని ఆ పిల్లవాడు అడిగితే నోరు మూయించాను. ఆ మాట అతనితో చెప్పి క్షమించమన్నాను. అతడు సిగ్గుపడి, “ఆ రోజు మీరు చెప్పి ఉంటే నేను ఇంత చదివేవాణ్ణి కానేమో హజ్రత్” అని నవ్వాడు. వంగి ఒక తెల్లని ఇసుకరాతి ముక్కను తీసి నా చేతిలో పెట్టాడు.

అది ఇప్పుడు మా తరగతి గది కిటికీలో ఉంది. మొన్న ఒక చిన్నవాడు దానిని చూసి ఎక్కడిదని అడిగాడు. ఆనాడు పాఠం మొదలుకావడం బాగా ఆలస్యమైంది.