ఒక్కసారే వినిపించే మాట

ఇంగ్లీషు పరీక్ష అనగానే మన ఇండ్లలో తల్లిదండ్రులు మొదట అడిగేది గ్రామరు గురించి. విదేశాలలో చదువుకో, ఉద్యోగానికో వెళ్లదలచిన పిల్లలు వ్రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలోని శ్రవణ విభాగం గ్రామరును అంతగా అడగదు. అది అడిగేది చెవిని. 4 భాగాలు, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాల సేపు వినడం. మొదటి భాగంలో ఇద్దరు వ్యక్తులు నిత్యజీవితానికి సంబంధించిన విషయమేదో మాట్లాడుకుంటారు. ఒకరు అద్దె ఇంటి కోసం అడుగుతారు, మరొకరు వివరాలు వ్రాసుకుంటారు. అభ్యర్థి ఎదుట తరచుగా ఉండేది సగం నిండిన ఒక ఫారం. పేరు, వీధి, ఫోను నంబరు, తేదీ, రుసుము మొదలైన వాటి వద్ద ఖాళీలుంటాయి. విని వాటిని నింపాలి. సంభాషణ ఒక్కసారే వినిపిస్తుంది.

చూడడానికి ఇంతకంటె సులభమైన భాగం మరొకటి లేదు. మా తమ్ముని కుమార్తె మార్కులు పోగొట్టుకుంటున్నది మాత్రం సరిగా ఇక్కడే.

ఆమె కర్నూలులోని ఒక ఆసుపత్రిలో నర్సు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఈ పరీక్షలో శ్రవణం, పఠనం, సంభాషణలలో ఒక్కొక్క దానిలో 7, రచనలో 6.5 బ్యాండు అడుగుతుంది. శ్రవణంలో 7 రావాలంటే 40కి దాదాపు 30 సరిపోవాలి. ఆమెకు రెండు పర్యాయాలూ 6.5 వద్దనే ఆగిపోయింది. రెండవసారి రుసుము కోసం తల్లి చెవి కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. "మన పిల్లలకు ఆ ఇంగ్లీషు పట్టుబడదు, ఇక చాలించండి" అని బంధువులలో పెద్దవారొకరు తీర్పు కూడా చెప్పేశారు. ఆ తీర్పుతో మాకు ఏకీభావం లేదు. ఆమె వ్రాసిన అభ్యాస పత్రాలు తెప్పించి వారం రోజులు వరుసగా చూశాము. ప్రతి పత్రంలోనూ మొదటి ఫారంలోనే మూడో నాలుగో తప్పులు. ఆ తప్పులలో ఆమెకు తెలియని మాట ఒక్కటైనా లేదు. గురువారం అని ఇంగ్లీషులో వ్రాయడం ఎవరికి రాదు?

ఆమె గురువారం అని వ్రాసింది. జవాబు శుక్రవారం. ఫోనులోని వ్యక్తి మొదట గురువారం వస్తానన్నాడు. ఆ రోజు కార్యాలయం మూసి ఉంటుందని అవతలి స్త్రీ చెప్పగా, అయితే మరునాడు వస్తానన్నాడు. గురువారం అన్న మాట చెవిన పడగానే మా అమ్మాయి కలం దానిని పట్టుకున్నది, చెవి అక్కడితో మూసుకున్నది. ఈ పరీక్షను కూర్చేవారు తెలిసే ఇలా చేస్తారు. ముందు ఒక ధర చెప్పించి, తరువాత తగ్గింపు ఇప్పిస్తారు. ఒక నంబరు చెప్పించి, అది పాత నంబరని అనిపిస్తారు. నిజ జీవితంలోనూ మనుషులు ఇలాగే మాట్లాడతారు గనుక దీనిని మోసమని అనలేము.

వహీ అవతరించే వేళ మహాప్రవక్త (సల్లం) దానిని కంఠస్థం చేసుకోవాలన్న ఆతురతతో వెంటవెంటనే పెదవులు కదిపేవారనీ, తొందరపడవద్దనీ, పఠనం పూర్తయిన పిదప దానిని అనుసరించవలసిందనీ అల్లాహ్ ఉపదేశించాడనీ సూరహ్ అల్ ఖియామహ్ వ్యాఖ్యానంలో మా విద్యార్థులు చదువుకుంటారు. ఆ మహత్తర సందర్భాన్ని ఒక పరీక్షతో పోల్చే సాహసం మేము చేయము. అయినా మాట పూర్తయ్యేవరకు వినడమనే మర్యాద మన పిల్లలకు కొత్తది కాదని మాత్రం చెప్పగలము. హదీసు వేత్తలు ఇమ్లా సభలలో చెబుతూ ఉంటే వందలాది మంది విని వ్రాసుకునేవారు. దూరాన కూర్చున్నవారి కోసం ముస్తమ్లీ అనే వ్యక్తి ఆ మాటలను బిగ్గరగా మళ్లీ పలికేవాడు. ఈ పరీక్షలో ముస్తమ్లీ ఉండడు. అంతే తేడా.

కనుక మా అమ్మాయికి మొదట ఒక్కటే చెప్పాము: వినబడిన మొదటి జవాబును పెన్సిలుతో పలుచగా గుర్తు పెట్టుకో, సంభాషణ తరువాతి గడికి వెళ్లిందని తెలిసిన తరువాతనే దానిని ఖాయం చెయ్యి. "కానీ", "నిజానికి", "క్షమించండి" అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు వినబడితే ముందు విన్నది మారబోతున్నదని అర్థం. ఈ ఒక్క అలవాటుతో ఆమె తప్పులు సగం తగ్గాయి.

అక్షరాల సంగతి వేరు. పేర్లను, వీధులను అక్షరం తరువాత అక్షరంగా చెబుతారు, మన చెవి పొరబడేది ఇక్కడ. మనము "హెచ్" అనే అక్షరాన్ని వారు "ఎయిచ్" అంటారు; ఆమె ఒకసారి దానిని 8 అని వ్రాసింది. తెలుగులో ఉన్నది ఒకే "వ" గనుక "వీ"కి, "డబ్ల్యూ"కి మనకు అంతరం పట్టదు. చివరి అక్షరాన్ని అమెరికా వారు "జీ" అంటే, మన పిల్లలు ఏడవ అక్షరం వ్రాస్తారు. ఏ, ఈ, ఐ అనే మూడు అచ్చుల గందరగోళం సరేసరి. రావుల పేర్లలో సలామ్, సల్లామ్ వంటివి వ్రాతలో ఒకేలా కనిపించి పలుకుబడిలో వేరవుతాయి. వాటిని విడదీయడానికే హదీసు పండితులు "ముఅతలిఫ్, ముఖ్తలిఫ్" అనే ప్రత్యేక శాస్త్రాన్ని పెంపొందించారు. ఒక్క షద్దా తేడాతో మనిషే మారిపోతాడని తెలిసిన సమాజం మనది. ఇంగ్లీషు అక్షరాలకూ ఆ పాటి శ్రద్ధ చాలు.

అంకెలలో 13కు, 30కి మధ్య తేడా ఒత్తిడిలో ఉంటుంది. మొదటిదానిలో చివరి భాగం సాగుతుంది, రెండవదానిలో ముందుభాగం బరువుగా పడి చివర తేలిపోతుంది. సున్నను "ఓ" అనడం, 77ను "డబుల్ సెవెన్" అనడం మన ఫోను సంభాషణలలోనూ ఉన్నదే.

సూచనలో పదాల పరిమితి ఉంటుంది: రెండు పదాలకు మించరాదనీ, ఒక పదమో ఒక సంఖ్యో అనీ. పరిమితి దాటితే సరైన జవాబుకూ సున్న. ఫారంలో పౌను గుర్తు ముందే అచ్చయి ఉంటే అంకె వ్రాస్తే చాలును. వర్ణక్రమం తప్పితే మార్కు పోతుంది, అయితే బ్రిటిషు పద్ధతిలో వ్రాసినా, అమెరికా పద్ధతిలో వ్రాసినా అంగీకరిస్తారు. బహువచనపు చివరి "స్"ను మాత్రం మన చెవి వదిలేస్తుంది. టికెట్ల వంటి మాటలకు మనము "లు" తగిలించి అలవాటుపడిపోయాము మరి.

సంభాషణ మొదలయ్యే ముందు ఫారం చదువుకోవడానికి కొంత వ్యవధి ఇస్తారు. ఆ క్షణాలలో ఏ గడిలో అంకె రావాలి, ఏ గడిలో పేరు రావాలి అని నిశ్చయించుకున్న వారికి చెవి ముందే సిద్ధమై ఉంటుంది. జవాబులు ప్రశ్నల వరుసలోనే వస్తాయి. ఒకటి జారిపోతే దానికోసం వగచడం అన్నిటికంటె ఖరీదైన పని, ఆ వగపులో మరి రెండు జారిపోతాయి. తప్పు జవాబుకు మార్కు కోత లేదు గనుక ఏ గడినీ ఖాళీగా విడువనక్కరలేదు. కాగితంపై వ్రాసేవారికి జవాబులు ఎక్కించుకోవడానికి చివర 10 నిమిషాలుంటాయి. కంప్యూటరుపై వ్రాసేవారికి సరిచూసుకోవడానికి 2 నిమిషాలే.

ఇదంతా చెప్పడానికి ఒక శిక్షణ కేంద్రం ఆమె వద్ద పెద్ద మొత్తమే తీసుకున్నది. చెప్పినది తక్కువ. పైగా రాబోయే ప్రశ్నలు ముందే ఇస్తామని చాటుగా బేరం పెట్టారట. ఆమె నిరాకరించి వచ్చేసింది. వినకుండానే విన్నానని సాక్ష్యం పలకడం వంటిదే అది.

ఈ ఫారాలు ఆసుపత్రిలో ప్రతి రాత్రీ ఉంటాయని మాకు చెప్పింది ఆమెయే. "బడే అబ్బా, డాక్టరుగారు ఫోనులో మందు మోతాదు చెబుతారు. 15 అన్నారో 50 అన్నారో తెలియకపోతే అడగాలి. వ్రాసుకుని మళ్లీ చదివి వినిపించాలి" అన్నది. మేము ఆశ్చర్యపోయాము. వ్రాసిన ప్రతిని గురువు ప్రతితో సరిపోల్చనిదే అది చెల్లదని మా శాస్త్రంలో ముఖాబలా అంటారు. ఆమె వార్డులో అదే చేస్తున్నది, పేరు తెలియదంతే. ఆమె పొరబడితే అక్కడ పోయేది మార్కు కాదు. ఇది గ్రహించిన తరువాత మా తమ్ముడు కూడా పరీక్ష దండుగ అనే మాట మానేశాడు.

ఇప్పుడు ఇషా నమాజు తరువాత ఇంట్లో అరగంట సేపు అభ్యాసం జరుగుతున్నది. తల్లి ఆధారు కార్డు, గ్యాసు పుస్తకం, పెండ్లి పత్రికలు ముందు పెట్టుకుని వాటిలోని పేర్లు, అంకెలు ఇంగ్లీషులో చదువుతుంది, మధ్య మధ్య కావాలని తప్పు చెప్పి దిద్దుకుంటుంది. ఏ మాటనూ రెండవసారి చెప్పరాదని నియమం. హిఫ్జ్ చేస్తున్న చిన్నవాడు కూడా అక్క పక్కన పలక పట్టుకుని కూర్చుంటున్నాడు. అంకెలలో అక్కను మించిపోయాడు. తల్లి గొంతుకు ఇద్దరూ అలవాటుపడిపోయారు గనుక వచ్చే వారం నుండి ఆస్ట్రేలియా, న్యూజిలాండు వారి ఉచ్చారణలు వినిపించాలని అనుకుంటున్నాము. పరీక్షలో ఆ గొంతులూ వస్తాయి. తాకట్టు ఇంకా విడిపించలేదు.