వీరగల్లు, బుద్ధుడు

మా గుడుపల్లె పక్క రాయికి కరువు లేదు. ఎటు చూసినా గుట్టలు, బండలు. చిన్నప్పుడు చెరువుకట్ట దాపున చింతచెట్టు కింద నేను చూసిన రాయి మాత్రం వేరు. కత్తి పట్టిన మనిషి, కాళ్ల దగ్గర ఆవులు, పైవరసలో అతన్ని స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు. ముఖం అరిగి నున్నబడింది. అరిగినచోటే పసుపు దట్టంగా ఉండేది. "ఆవుల్ని కాపాడబోయి సచ్చినోడు నాయినా, దండం పెట్టుకో" అనేది మా అవ్వ.

పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల ఇలాంటి వీరుల రాళ్లు, అంటే వీరగల్లులు, చాలానే దొరికాయి. బాణులు, వైదుంబులు, నొళంబులు అనే రాజవంశాలవాళ్లు కొట్టుకున్న నేల ఇది. అవి యుద్ధం రాళ్లే. అయినా వాటిలో గెలిచిన రాజు కనపడడు, పోయిన మనిషి కనపడతాడు. అందుకే నాకవి శాంతిని కోరే రాళ్లుగానే తోస్తాయి.

హైదరాబాదు పోయినప్పుడల్లా అలాంటి ఇంకో శాంతి రాయిని, హుస్సేన్ సాగర్ చెరువులోని బుద్ధుణ్ణి చూసి వస్తాను. 58 అడుగుల ఏకశిల, 300 టన్నులు దాటిన బరువు. న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహాన్ని చూసొచ్చిన ఎన్.టి.రామారావుగారికి కలిగిన తలపు అది. భువనగిరి దగ్గర రాయగిరి కొండరాయిని ఎస్.ఎం. గణపతి స్థపతి, ఆయన శిల్పులు మలిచారు. ఎత్తిన కుడిచెయ్యి భయపడొద్దంటుంది. ఆ అరచేతిని చూస్తే నిజంగానే మనసు కుదుటపడుతుంది.

1990 మార్చి 10న, చెరువు నడుమకు తీసుకుపోతుండగా పడవ ఒరిగి బుద్ధుడు నీళ్లలో పడిపోయాడు. ఆయనతోపాటు మునిగి పనివాళ్లూ చనిపోయారు. రెండున్నరేళ్లు దాటాక విగ్రహాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు 1న చెరువు నడుమ ఉన్న జిబ్రాల్టర్ బండ మీద నిలబెట్టారు. బుద్ధుడు లేచి నిలబడ్డాడు. వాళ్లు లేవలేదు.

ఎవరి ఆవుల కోసమో పోయినవాడికి మా పల్లెలు ఒక రాయి నిలబెట్టి, ఇన్ని వందల ఏళ్లుగా పసుపు పూస్తున్నాయి. శాంతి విగ్రహం కోసం పోయినవాళ్లకు మన మనసులోనైనా ఆపాటి చోటు ఉండాలి.

ఈసారి ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఫొటో తీసుకునేటప్పుడు, ఆ చేతి కిందున్న నీళ్లకేసి కూడా ఒకసారి చూడండి. వాళ్లకూ ఒక దండం పెట్టండి.